రెండు జర్మనీ కత్తులు

జైతున్‌బీ కత్తుల పెట్టెను రెండు చేతులా మోసుకొచ్చింది. సి.ఐ.డి. ఇన్‌స్పెక్టర్ పోతులయ్య అందుకోవడానికి చేయి చాచాడు గాని, ఆమె చేతికివ్వలేదు. చాప మీద పెట్టి పక్కకు జరిగింది.

"తీసుకోండి సార్. కత్తి చేతికిస్తే మనుషులు విడిపోతారంటారు."

ఆ మాట అన్నాక ఆమెకే ఏదో తగిలినట్టు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆమె కొడుకు హజరత్‌వలి పెనుకొండ సబ్‌జైల్లో ఉన్నాడు. ధర్మవరంలో పట్టుచీరలు నేసే ఓబన్నను, తన ప్రాణస్నేహితుణ్ణి, జేబుకత్తితో పొడిచి చంపాడని కేసు. కేసు కట్టిన సర్కిల్ ఇన్‌స్పెక్టర్ శంకరప్ప రేపు పొద్దున కోర్టులో ఛార్జిషీటు వేయబోతున్నాడు. ఊరూరా తిరిగి ఆమె ఇచ్చుకున్న అర్జీ చివరి ఘడియలో ఎవరో పెద్ద అధికారి కంట పడింది. పోతులయ్యను పంపారు, అదీ ఈ ఒక్కరోజుకు.

కేసు చూడబోతే రాతిగోడలా ఉంది. ఓబన్న శవం పెనుకొండ కొండ కింద ఒక పాడుబడిన మంటపంలో దొరికింది. పక్కనే జర్మనీ ముద్ర ఉన్న జేబుకత్తి. హిందూపురంలో కత్తులు, కత్తెరలు, తాళాలు అమ్ముకునే హజరత్‌వలికి ఆ రకం కత్తులు రెండే వచ్చాయి. ఒకటి తను ఉంచుకున్నాడు, ఒకటి ఓబన్నకు ఇచ్చాడు. ఓబన్న కత్తి ధర్మవరంలో అతని మగ్గం దగ్గరే పోలీసులకు దొరికింది. అలాంటప్పుడు శవం పక్కన ఉన్నది ఎవరిది? నీ కత్తి ఏదిరా అంటే హజరత్‌వలి చూపించలేకపోయాడు. శంకరప్ప అంతకు మించి వెతకలేదు, వెతకాల్సిన పనీ కనబడలేదు.

పోతులయ్య పెట్టె మూత తీశాడు. ముప్పై ఏళ్ళ ఉద్యోగంలో అతనికి కత్తులన్నీ మనుషుల ఒంట్లోంచి తీశాకే పరిచయమయ్యాయి. నెత్తురెరగని కత్తుల్ని ఇలా వరసగా చూడడం వింతగా అనిపించింది. ఒక్కొక్కటీ తీసి తెరిచి మూశాడు.

ఇంగ్లండు కత్తికి జింకకొమ్ము పిడి. బరువుగా, ముసలి జమీందారులా ఉంది. నిమ్మకాయ కోసిన అలుగు, అంటే కత్తి రేకు, నల్లబడింది గాని పదును చెడలేదు. స్విట్జర్లాండుది ఎర్ర పిడి. కత్తి, కత్తెర, మూత తీసే కొక్కెం అన్నీ ఒకే కడుపులో దాచుకుంది. యంత్రం పోతపోసిన పని. అలాంటివి వెయ్యి చేసినా ఒకదానికొకటి తేడా ఉండదు. జపానుది కాగితమంత పలచన. బొటనవేలికి ఆనించగానే గీరుతోంది, పిడి మాత్రం అమ్ముకోవడానికే చేసినంత తేలిక. మన రాంపూరు చాకు పొడుగ్గా ఉంది. తెరుస్తుంటే పళ్ళు కొరుకుతున్నట్టు టకటకమని చప్పుడు. కోయడానికంటే ముందు భయపెట్టడానికి చేశారు దాన్ని.

అడుగున గోధుమరంగు పిడి ఉన్నవి నాలుగైదు కనబడ్డాయి. అన్నిటి మీదా జర్మనీ ముద్రే.

"ఇవీ జర్మనీవేనా అమ్మా?"

"కాదు సార్. ఇవి బెంగుళూరు ఫుట్‌పాత్ సరుకు. మావాడు బజారు జర్మనీ అంటాడు. కొనేటోళ్ళకు ముందే చెప్పి అమ్ముతాడు. అసలువి రెండే వచ్చినాయి. నాకా, అన్నీ ఒకటే. గోధుమరంగు పిడి అంటే గోధుమరంగు పిడి."

ముద్ర అక్షరం పొల్లుపోకుండా ఉంది. పైపైన చూస్తే శంకరప్పను తప్పుపట్టడానికి లేదు. పోతులయ్య పెట్టె మూసి, తనతో ధర్మవరం రమ్మన్నాడు. అక్కడ ఒక వస్తువు చూపిస్తాననీ, అది ఈ అంగడిదేనా కాదా చెప్పాలనీ అన్నాడు. అంతకుమించి చెప్పలేదు. సాక్షికి ముందే అన్నీ చెబితే సాక్ష్యం పనికిరాదు.

జైతున్‌బీ పెట్టెను గోడవారకు జరిపింది. తర్వాత, "లక్ష్మీదేవమ్మక్క ఇంటికేనా సార్?" అని అడిగింది. లక్ష్మీదేవమ్మ అంటే చచ్చిపోయిన ఓబన్న తల్లి. పిల్లల స్నేహం తల్లులదాకా వచ్చింది. ఈమె ధర్మవరం పోతే ఆ ఇంట్లో పండుకునేది, ఆమె హిందూపురం వస్తే ఈ చాప మీదే పండుకునేది. హజరత్‌వలిని పట్టుకుపోయిన రోజు నుంచి ఆ తలుపు మూసుకుంది. "వస్తా సార్. ఆయమ్మ మొగం చూసి కూడా శానా దినాలాయె," అని చీర మార్చుకోవడానికి లోపలికి పోయింది.

*

పెనుకొండలో రైలు దిగి, ఆమెను స్టేషన్లో చెట్టు కింద కూర్చోబెట్టి పోతులయ్య సబ్‌జైలుకు నడిచాడు. కొడుకును చూస్తావా అంటే ఆమె వద్దంది. చూస్తే మళ్ళీ విడిచి రావాలి కదా, ఆ విడిచి రావడం తన వల్ల కాదంది.

హజరత్‌వలి గడ్డం పెరిగి, కళ్ళు లోతుకు పోయి ఉన్నాడు. అడిగినవాటికి తడుముకోకుండా చెప్పాడు. తన కత్తిని ఎవరో లారీ డ్రైవరు ముచ్చటపడితే అమ్మేశానన్నాడు. ఆ డ్రైవరు పేరు తెలీదు, ఊరు తెలీదు. చచ్చిపోయిన రోజు ఓబన్నా తనూ పెనుకొండలో కలిసి టీ తాగారు. ఓబన్న మగ్గం మానేసి హిందూపురం వచ్చేస్తానన్నాడు. ఇద్దరూ కలిసి అంగడి నడుపుకోవాలని మాట. మధ్యాహ్నం తను బస్సెక్కాడు. సాయంత్రం రైలుకు ఇంటికి పోతానని ఓబన్న ఉండిపోయాడు. అంతే.

"మీ ఇద్దరికీ ఆరోజు మాటామాటా వచ్చిందంట?"

"నవ్వుకొన్యాము సార్. నవ్వేది కూడా దూరం నుంచి చూసేటోనికి కొట్లాట మాదిరే ఉంటాది."

పోతులయ్య మాట మార్చాడు. జర్మనీ కత్తిని ఎందుకంత గొప్ప అంటారని అడిగాడు. హజరత్‌వలి చేతులు తనకు తెలీకుండానే కదిలాయి, లేని కత్తిని తెరిచి మూస్తున్నట్టు. ఆ కత్తిలో ఇనుముకూ ఇత్తడికీ మధ్య వెంట్రుక దూరదని చెప్పాడు. మూసేటప్పుడు సగంలో ఒకసారి ఆగి, తర్వాత టక్కుమని కూర్చుంటుందట. అలుగు వీపున చంద్రవంక మాదిరి ఒక గాడి ఉంటుందట, గోరు పెట్టి తెరవడానికి.

"ఓబన్న కూడా అట్లనే తెరిచేవాడా, గోటితో?"

హజరత్‌వలి తలెత్తాడు. ఇన్ని దినాల్లో ఎవరూ అడగని ప్రశ్న అది.

"లేదు సార్. రెండు వేళ్ళతో అలుగు పట్టి లాగేవాడు. నేను ఎగతాళి చేసేవాన్ని, జర్మనీవాడు అంత కష్టపడి గాడి పెట్టింది ఏంటికబ్బా అని. మగ్గం ముందర గాడులు పనికిరావు లేరా అనేవాడు. నాకేం అర్థం కాలే. వాడు పట్టు మనిషి, నేను ఇనుము మనిషి."

అమ్మ ఎట్లుందని అడిగాడు. బాగుందని పోతులయ్య అబద్ధం చెప్పాడు. స్టేషన్లోనే ఉందని మాత్రం చెప్పలేదు.

*

ధర్మవరంలో ఓబన్న ఇంటి ముందు జీపు ఆగి ఉంది. సర్కిల్ ఇన్‌స్పెక్టర్ శంకరప్ప వాకిట్లో కుర్చీ వేయించుకుని కూర్చున్నాడు. ఒళ్ళో సీలు వేసిన రెండు పొట్లాలు. వెనక ఒక కానిస్టేబులు. శంకరప్ప వయసు పోతులయ్య సర్వీసంత ఉంటుంది. చురుకైనవాడే, ఆ చురుకు తనకున్న సంగతి క్షణం కూడా మరవనివాడు. కత్తులు సేకరించడం అతనికి సరదా కూడాను.

"రండి సార్. హిందూపురంలో కత్తుల ఎగ్జిబిషన్ చూసొచ్చినారంట," అన్నాడు లేవకుండానే. "నన్నడిగుంటే మా ఇంట్లోనే చూపిస్తాంటి కదా. రాంపూరు నుంచి జపాను దాకా అన్నీ ఉండాయి."

"చూసొచ్చినప్పా. జర్మనీ వాటి దగ్గర ఆగిపోయినాను."

"ఆడ ఆగాల్సిందే. ఆ స్ప్రింగు మన దేశంలో చేసేవాడు ల్యా. ఈ రెండింటి మీద ఒకే ముద్ర, ఒకే పిడి. కవలలు సార్ ఇవి. ఒకటి ఈడ దొరికింది, ఒకటి ఆడ దొరికింది. ఇంకేం కావాల?"

పోతులయ్య లోపలికి నడిచాడు. జైతున్‌బీని వీధి అరుగు మీదే కూర్చోమన్నాడు. ఆమె తలుపు వైపు చూసింది, తల వంచుకుని కూర్చుంది.

ఇంట్లో సగం మగ్గమే. నేలలో తవ్విన గుంటలో కాళ్ళు పెట్టి ఓబన్న అన్న లింగప్ప కూర్చున్నాడు. ముందు ముదురాకుపచ్చ చీర, ఎర్రని పెద్దంచు, సగం నేసి ఆగిపోయింది. అతని చేతులు ఊరికే నేత మీద ఆని ఉన్నాయి. ఓ మూల లక్ష్మీదేవమ్మ రాట్నం ముందు కూర్చుని కండెలకు పట్టు చుడుతోంది. లోపలికొచ్చింది ఎవరో చూసింది, రాట్నం ఆపలేదు. ఆపితే ఏడుపొస్తుందేమో అన్నట్టు తిప్పుతూనే ఉంది.

పోతులయ్య లింగప్ప ఎదురుగా నేల మీద కూర్చున్నాడు.

"తమ్ముడు పోయిన రోజు నువ్వు యాడుండావు లింగప్పా?"

"ఈడనే సార్. స్టేట్‌మెంట్ ఇచ్చినా కదా. పొద్దుటి నుంచి పొద్దుమూకే దాకా మగ్గం మీదే ఉండా."

"ఈ చీరేనా నేసింది?"

"ఇదే సార్."

"చీర పచ్చ, అంచు ఎరుపు. అంచుకు ఎర్రపోగు మోసే నాడె వేరే కావాల. ఆ పక్క కూర్చొని ఆ నాడె వేసేవాడు ఒకడుండాల. నీకు ఆ పక్క కూర్చొనేవాడు ఓబన్న. ఆ పొద్దు ఓబన్న పెనుకొండలో ఉండాడు. మరి నీ ఎదురుగా ఎవరు కూర్చొన్యారప్పా?"

నేత మీది లింగప్ప చేతులు మెల్లగా ఒళ్ళోకి దిగిపోయాయి. రాట్నం ఒక్క చుట్టు తడబడి మళ్ళీ తిరిగింది.

గుమ్మం దగ్గరి నుంచి శంకరప్ప అందుకున్నాడు. "మగ్గం ముందర కూర్చొన్యాడు అంటే నేసినాడనే కాదు కదా సార్. పోగులు అతుక్కొంటా ఉండొచ్చు, ముళ్ళు కోసుకొంటా ఉండొచ్చు. దీన్ని కోర్టులో వేస్తే నవ్వుతారు."

అది నిజమే. పోతులయ్యకు తెలుసు. లేవబోతూ చేయి రాట్నం వైపు చాచేసరికి అతని గడియారం గొలుసుకు పట్టుపోగు తగులుకుంది. ఊదా రంగు పోగు పీకగా ముడిపడింది. లక్ష్మీదేవమ్మ గబగబా వంగి, ముని వేళ్ళతో విడదీసింది.

"కదలొద్దప్పా. పట్టు పిచ్చిది. యాడ రవంత గీత ఉన్నా పట్టుకొని ఇడిచిపెట్టదు. అందుకే ఈ ఇంట్లో గాడి అనేది ఉండనీయము. చెక్కకు సందుంటే లక్క, కత్తెర మీద పేరు చెక్కుంటే దాంట్లో లక్క. మా మామ కాలం నుంచి అంతే."

అలవాటైన పని గురించి అలవాటుగా చెప్పిన మాట. చెప్పేసి మళ్ళీ పిడి పట్టుకుంది. పోతులయ్య మాత్రం కదల్లేదు. మగ్గం వైపు చూశాడు. కూర్చునే పలక మీద కన్నంత గుంట, దాన్నిండా ఎర్రటి లక్క. మేకు తల చుట్టూ లక్క. కత్తెర మీద అచ్చు పేరు ఉండాల్సిన చోట నున్నగా లక్క. మగ్గం ముందర గాడులు పనికిరావు లేరా, అన్నాడట ఓబన్న.

ఆ ముసలామెను ఇంకేమీ అడగకుండా బయటికి పోగలిగితే బాగుండుననిపించింది అతనికి. కాని పెనుకొండలో ఒకడు ఉరికంబానికి దగ్గరవుతున్నాడు.

"శంకరప్పా, ఆ పొట్లాలు విప్పు."

రెండు కత్తులూ తెల్లగుడ్డ మీద పెట్టారు. శవం పక్కన దొరికింది ఎడమ వైపు, మగ్గం దగ్గర దొరికింది కుడి వైపు. పోతులయ్య లక్ష్మీదేవమ్మ పక్కనున్న బుట్టలోంచి పనికిరాని పట్టుపోగుల కుచ్చు ఒకటి తీసుకున్నాడు. దాన్ని ముందు మగ్గం కత్తి మీదుగా మెల్లగా లాగాడు. పిడికీ ఇత్తడి కట్టుకూ మధ్య పోగు చిక్కుకుంది. విడదీసి మళ్ళీ లాగితే గోటి గాడిలో చిక్కింది. మూడోసారి ముద్ర అక్షరాల దగ్గర పీచు లేచింది.

"నువ్వు లాగు."

శంకరప్ప లాగాడు. చిక్కింది. రెండోవైపు తిప్పి లాగాడు. చిక్కింది.

"ఇదేనా జర్మనీ పని? ఆ సందులో వెంట్రుక కాదు, జడ దూరుతుంది. ముద్ర జర్మనీది, చేతులు జర్మనీవి కావు. అంతకంటే ముఖ్యం, ఈ కత్తితో ఒక్కరోజు పట్టు మగ్గం ముందర కూర్చొని ఉంటే ఓబన్న చీర పాడైపోయేది. ఇది అతను వాడిన కత్తి కాదు. మగ్గం ఎరగని కత్తి."

తర్వాత పెనుకొండ కత్తి. పట్టుకుచ్చు దాని మీద నీళ్ళలా జారిపోయింది. పిడి మీద ఆగలేదు, కట్టు మీద ఆగలేదు, గోటి గాడి మీద కూడా ఆగలేదు.

"గాడిలో ఏముందప్పా?"

"ఎండిన నెత్తురు. నా రిపోర్టులో రాసినా," అన్నాడు శంకరప్ప. గొంతులో మునుపటి దర్జా లేదు.

"పరీక్షకు పంపినావా గాడిలోది?"

"అలుగు మీది నెత్తురు పంపినా. గాడిలోది వేరే ఏముంటాది సార్?"

పోతులయ్య ఒక సూది అడిగి తీసుకుని గాడిలోంచి గసగస గింజంత పెళ్ళ ఊడదీశాడు. వంటింటి పొయ్యిలోంచి కానిస్టేబులు నిప్పు కణిక పట్టుకొచ్చాడు. పెళ్ళ దాని మీద పడగానే మెత్తబడి, మెరిసి, బుడగలా ఉబ్బింది. గదంతా లక్క వాసన కమ్ముకుంది. నేతగాళ్ళ ఇళ్ళలో పుట్టి పెరిగినవాళ్ళకు ఆ వాసన చెప్పక్కర్లేదు. లింగప్ప కళ్ళు మూసుకున్నాడు.

"నెత్తురు కాలితే ఇట్లా కరగదు శంకరప్పా. గాడి పూడ్చిన కత్తి ఇది. ఓబన్న కత్తి. ఈ ఇంట్లోంచి పెనుకొండకు పోయి ఓబన్నను చంపింది. హజరత్‌వలి కత్తి ఏ లారీలో తిరుగుతా ఉందో ఏమో, ఈ కేసులోకి రానే లేదు."

శంకరప్ప ఓడిపోయినా ఒప్పుకునే రకం కాదు. కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చున్నాడు. ఓబన్నే కత్తి జేబులో పెట్టుకుని పోయి ఉండొచ్చు, మాటల మధ్య హజరత్‌వలి దాన్ని లాక్కుని పొడిచి ఉండొచ్చు, తర్వాత అంగడిలోంచి ఇంకోటి తెచ్చి తనకు అనుకూలంగా ఇక్కడ పడేసి ఉండొచ్చు అని వాదించాడు.

"తనకు అనుకూలంగానా? ఇది ఈడ దొరకబట్టే కదా వాడు జైలుకు పోయింది," అన్నాడు పోతులయ్య. "సరే, దీన్ని ఎవరు తెచ్చినారో తెలిసినవాళ్ళు చెప్పాల. అమ్మా, జైతున్‌బీ, లోపలికి రా."

లక్ష్మీదేవమ్మ చేతిలో రాట్నం ఆగిపోయింది.

జైతున్‌బీ గుమ్మం దాటి వచ్చింది. ముందు లక్ష్మీదేవమ్మను చూసింది. చిక్కిపోయిన ఆ చేతులూ బోసి మెడా చూసి ఆమె కళ్ళు నిండాయి. రెండో కత్తి సంగతి ఇంతవరకూ ఆమెకెవరూ చెప్పలేదు. శవం పక్కన మీ అంగడి కత్తి దొరికిందని మాత్రమే పోలీసులు చెప్పారు.

పోతులయ్య మగ్గం కత్తిని ఆమె ముందు నేల మీద పెట్టాడు. ఇది మీ అంగడిదేనా అని అడిగాడు.

ఆమె వంగి తీసుకుంది. పిడి మూలన ఉన్న చిన్న పగులును బొటనవేలితో తడిమింది. ఆ మొహంలో మొదట కనబడింది భయం కాదు, ఆప్యాయత.

"మాదే సార్. ఈ పగులు నేను చేసిందే, రైలు దిగేటప్పుడు జారి రాయి మీద పడె. ఇది నేను అక్కకు ఇచ్చిన కత్తి."

ఆమే మళ్ళీ చెప్పింది, ఎవరో తప్పు పడతారేమోనన్నట్టు.

"ఓబన్న పోయిన మరుసటి దినం వచ్చినా సార్ పలకరించేదానికి. అక్క నన్ను పట్టుకొని ఏడిసి, నా బిడ్డ కత్తిని పోలీసోళ్ళు ఎత్తుకపోయినారు, అట్లాంటిది ఒకటి మీ అంగట్లో ఉంటే తెచ్చియ్యి జైతునా, వాని గుర్తుగా పెట్టుకొంటా అనె. తెల్లారి మొదటి రైలుకే తెచ్చిచ్చినా. దుడ్లిస్తానంటే తీసుకోలే. చేతికి ఇవ్వలే సార్, ఆ పలక మీదే పెట్టినా." తర్వాత లక్ష్మీదేవమ్మ వైపు తిరిగింది. "ఏమక్కా, దీన్ని గూడా ఎత్తుకపోయినారా వీళ్ళు?"

శంకరప్ప కుర్చీలోంచి లేచాడు. లక్ష్మీదేవమ్మ అతన్నే చూస్తోంది. ఎవరి మీదా కోపం లేని గొంతుతో మాట్లాడింది.

"నువ్వే గదప్పా చెప్పింది. నా కొడుకు శవం ఇంటికి రాకముందే వచ్చి, ఆ కత్తి నాకు చూపించి, కానిస్టేబులుతో అంటివి. ఓబన్న కత్తి ఇంట్లోనే దొరికితే ఇంక సాయిబుదే ఇది, కేసు అయిపోయినట్టే అంటివి. నాకు అదొక్కటే వినబడె. ఓబన్న పొద్దున పోయేటప్పుడు కత్తి పలక మీదే ఉండె. వాడు పోయినంక పెద్దోడు కూడా పోయె. పెద్దోడు పోయినంక చూస్తే కత్తి ల్యా. రాత్రి వాడొచ్చి బావి కాడ అంగీ తానే పిండుకొన్యాడు. నేను అడగలే. అడిగితే చెప్తాడని భయం."

శంకరప్ప తన ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియక నేల చూశాడు. పోతులయ్యకు అతన్ని ఏమీ అనబుద్ధి కాలేదు. తన సర్వీసులో తను మాత్రం ఎన్ని ఇళ్ళలో ఎన్ని మాటలు పైకి అనలేదు?

"గాడికి లక్క పుయ్యలేదేమమ్మా?" అని అడిగాడు. అడగక తప్పని ప్రశ్న అయినా మెల్లగా అడిగాడు. "నీకు తెలిసిన పనే కదా."

"మైల దినాలప్పా. మొదటి కర్మ, చిన్నదినం అయ్యేదాకా ఇంట్లో పొయ్యి ఎలిగించేది లేదు. కూడు సుట్టాలు తెచ్చి పెడతారు. నిప్పు లేకుంటే లక్క యాడ కరిగించేది? చిన్నదినం చేసుకొని పొయ్యి ఎలిగిద్దాము, అప్పుడు పూద్దామనుకొంటి. దానికి ముందే ఈయప్ప వచ్చి అడిగె. గుంటలో దొరికిందని ఇచ్చేస్తి."

మగ్గం గుంటలోంచి లింగప్ప లేచి నిలబడ్డాడు. ఇంతసేపూ కూర్చున్న కాళ్ళు తిమ్మిరెక్కి, మగ్గం కొయ్య పట్టుకున్నాడు. తల్లి అతనికి అడ్డంగా చేయి చాచింది, చిన్నప్పుడు పొయ్యి దగ్గరికి పోకుండా ఆపినట్టు. అతను ఆ చేతిని పక్కకు తీయలేదు. దాని వెనకనే నిలబడి చెప్పాడు.

"పొడిచేదానికి పోలేదు సార్. వాడు పొద్దున పోతా పోతా, పోయొస్తా అనలే. పోతాండా అన్నాడు. ఇంక మగ్గానికి రానన్నాడు. ఒంటి చేత్తో ఈ చీర అయ్యేది కాదు, ఇంకెవరితో కూర్చొని నేసేది నాకు చేతకాదు. ఎనిమిదేళ్ళప్పటి నుంచి వాడే నా ఎదురుగా కూర్చొనె. అందుకని పెనుకొండకు పోయినా, రాకపోతే వానిది వానికే ఇచ్చేద్దామని కత్తి జేబులో ఏసుకొని. ఆ మంటపం కాడ కలిసినాడు. రానంటే రానన్నాడు. అట్లయితే నీ స్నేహితుని కత్తి కూడా నువ్వే ఎత్తుకపో, ఇంట్లో నీది ఏదీ ఉండకూడదని దాన్ని తీసి వాని చేతిలో పెట్టబోయినా. వాడు నా చేయి నెట్టినాడు. నేను వాన్ని నెట్టినా. యాడ తిరిగిందో కత్తి నాకు తెలీదు. వాడు నా భుజం మీద తల పెట్టె. అలిగి పడుకొన్యాడేమో అనుకొన్యా సార్, రవంతసేపు."

తల్లి తెచ్చి పెట్టిన కత్తి తమ్ముడిది కాదని అదే రోజు గుర్తుపట్టానన్నాడు. తొలిసారి చేత్తో పట్టుకున్నప్పుడే తెలిసిపోయిందనీ, తెలిసీ నోరు మూసుకున్నాననీ చెప్పాడు. హజరత్‌వలి పేరు మాత్రం ఎత్తలేకపోయాడు. రెండు చేతులూ ముందుకు చాచాడు. కానిస్టేబులు శంకరప్ప వైపు చూశాడు, శంకరప్ప పోతులయ్య వైపు చూశాడు.

జైతున్‌బీకి అన్నీ ఒక్కసారిగా అర్థం కాలేదు. చేతిలోని కత్తిని చూసింది. లింగప్పను చూసింది. మళ్ళీ కత్తిని చూసింది. కొడుకును జైలుకు పంపిన వస్తువు ఏదో, దాన్ని మొదటి రైలెక్కి ఎవరు మోసుకొచ్చారో ఆమెకు తెలుస్తూ ఉండగా మొహంలో రంగు కొంచెం కొంచెంగా ఇంకిపోవడం పోతులయ్య చూశాడు. చూడలేక పక్కకు తిరిగాడు. ఆమె మెల్లగా వంగి, కత్తిని పలక మీద పెట్టింది.

లక్ష్మీదేవమ్మ నేల మీద పాక్కుంటూ వచ్చి ఆమె కాళ్ళ దగ్గర ఆగింది. కాళ్ళు పట్టుకోవడానికి చేయి చాచి, పట్టుకునే హక్కు లేనట్టు వెనక్కి తీసుకుంది.

"ఒకడు పోయినాడు జైతునా. ఇంకొకడన్నా ఉండనీ అనుకొంటి."

జైతున్‌బీ ఆమె పక్కనే కూర్చుంది. చెదిరిన ఆ నెరిసిన జుట్టును చేత్తో సర్దబోయి, ఆగిపోయింది.

"నాకు ఉండేదే ఒకడు గదక్కా," అంది.